ఫైవ్‌ఎమ్‌లో మొదటి వేషం కట్టడం ఎలా?

పగటివేషగాళ్లను చూసినవాళ్లకు రోల్‌ప్లే అంటే ఏమిటో పెద్దగా చెప్పక్కర్లేదు. స్టేజీ లేదు, తెర లేదు. వేషం కట్టి నేరుగా వీధిలోకి వచ్చేస్తారు, ఎదురైనవాళ్లతో ఆ వేషంలోనే మాట్లాడతారు. జీటీఏ ఫైవ్ అనే వీడియో గేమ్‌లో చేసే రోల్‌ప్లే కూడా అచ్చం అంతే. ఇక్కడ వీధి పేరు లాస్ శాంటోస్, అంటే ఆటలోని కల్పిత నగరం. టాక్సీవాడు, పోలీసు, మెకానిక్కు, దొంగ, అందరి వెనకా ఎవరో ఒక మనిషి మైకు పెట్టుకుని కూర్చుని ఉంటాడు.

1. సరంజామా

పీసీ తప్పనిసరి. జీటీఏ ఫైవ్ డబ్బు పెట్టి కొన్నదై ఉండాలి, క్రాక్ కాపీ పనిచేయదు. డిస్కులో 100 జీబీకి పైగానే ఖాళీ ఉంచుకోండి. దాని మీద ఫైవ్‌ఎమ్ వేసుకోవాలి. ఆటగాళ్లు సొంతంగా నడిపే సర్వర్లలోకి, అంటే నలుగురూ ఆన్‌లైన్లో కలిసి ఆడే చోట్లకి, మనల్ని చేర్చే ప్రోగ్రామ్ అది, ఉచితం. దాన్ని తయారుచేసిన బృందాన్ని 2023లో జీటీఏ కంపెనీ రాక్‌స్టారే తనలో కలుపుకుంది కాబట్టి దొంగ మాడ్ (ఆటను మార్చే బయటి ప్రోగ్రామ్) ఏమోనన్న అనుమానం వద్దు. ఇది పెద్దల ఆట. చాలా సర్వర్లు 18 ఏళ్లు నిండితేనే రానిస్తాయి.

హెడ్‌సెట్ కొనండి. మైకు ఎప్పుడూ తెరిచి ఉంచకుండా, కీ నొక్కినప్పుడే మాట వెళ్లేలా పెట్టుకోండి. నేను మొదట్లో ఇది పట్టించుకోలేదు. పోలీసు నన్ను సీరియస్‌గా విచారిస్తుంటే మా ఇంటి కుక్కర్ మూడు కూతలు కూసింది. "స్టేషన్లో పప్పు ఎవరు పెట్టారు?" అన్నాడాయన, వేషం వదలకుండా. ఆయన దగ్గర నేర్చుకున్నది ఏ రూల్‌బుక్కులోనూ లేదు.

2. సర్వర్

ఎవరైనా వెళ్లగలిగే సర్వర్లు కొన్ని, దరఖాస్తు పెట్టుకుంటేనే రానిచ్చే వైట్‌లిస్ట్ సర్వర్లు కొన్ని. తెలుగువాళ్లు నడిపేవీ ఉన్నాయి. చేరేముందు ఆ సర్వర్లో ఆడేవాళ్ల లైవ్ రెండు మూడు సాయంత్రాలు చూడండి, ఆ సర్వర్‌వాళ్ల డిస్కార్డ్‌లో (ఆటగాళ్లు మాట్లాడుకునే చాట్ యాప్) రూల్స్ చదవండి. డబ్బు కడితే ఆటలో కారు ఇస్తామన్నా మొదటి నెల కట్టకండి. నడిచి తిరిగేవాడికే మనుషులు తగులుతారు.

3. పాత్ర

కొత్తగా వచ్చే ప్రతివాడూ డాన్ అవుతానంటాడు. ఊరంతా డాన్‌లైతే మామూళ్లు ఇచ్చేదెవరు? ఒక పని, ఒక అవసరం, ఒక లోపం ఉన్న మామూలు మనిషిని ఎంచుకోండి. ఉదాహరణకి అప్పారావు. 42 ఏళ్లు, కాకినాడ నుంచి వచ్చి టాక్సీ తోలుతున్నాడు, చెల్లెలి పెళ్లి అప్పు ఉంది, ఎడమ చెవి సరిగ్గా వినపడదు. గాయపడ్డవాడు "హాస్పిటల్‌కి పోనీ" అంటే "ఏ హాస్టల్ బాబూ?" అని అడుగుతాడు. చూడండి, తుపాకీ తీయకుండానే సీను మొదలైపోయింది. నా లెక్కలో ఆ చెవి ఏ స్పోర్ట్స్ కారుకన్నా ఎక్కువ పనికొస్తుంది.

4. అక్కడి భాష

పాత్రగా ఉంటే ఐసీ, మీరు మీరుగా మాట్లాడితే ఓఓసీ. "బ్రో, లాగ్ అవుతోంది" అని నడివీధిలో అనకండి. "తల తిరుగుతోందండీ" అంటే తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. ఒకరి లైవ్ చూసి వాళ్లెక్కడున్నారో తెలుసుకుని అక్కడ ప్రత్యక్షమైతే మెటాగేమింగ్. కారణం లేకుండా కాల్చి చంపడం ఆర్‌డీఎమ్, కారుతో గుద్ది చంపడం వీడీఎమ్. చచ్చి మళ్లీ పుడితే, చంపిందెవరో మీ పాత్రకు గుర్తుండకూడదు.

గొంతుతో చెప్పలేనివాటికి చాట్‌లో రెండు కమాండ్లు ఉంటాయి. స్లాష్ మీ (/me) అంటే మీ పాత్ర చేస్తున్న పని, స్లాష్ డూ (/do) అంటే చుట్టూ కనిపించే స్థితి. తేడా అంతా క్రియలో ఉంది. "ఒక్క గుద్దుతో పడగొట్టాడు" అని రాస్తే అవతలివాడి వంతు కూడా మీరే ఆడేసినట్టు. దీన్నే పవర్‌గేమింగ్ అంటారు. "గుద్దబోయాడు" అని రాసి ఆగండి. పడాలా, తప్పుకోవాలా అన్నది వాడిష్టం.

5. మొదటి రోజు

పెద్ద కథ పట్టుకుని వెళ్లకండి. ఏదైనా పని అడగండి, దారి అడగండి, కారు చెడగొట్టుకుని మెకానిక్కును పిలవండి. ఎవరైనా తుపాకీ గురిపెడితే చేతులెత్తండి. ప్రాణభయం లేనట్టు ఆడటం చాలా సర్వర్లలో రూల్ తప్పినట్టే. పైగా పర్సు పోయినవాడికి పోలీసుతో, లాయరుతో, అప్పులవాడితో మూడు సీన్లు దొరుకుతాయి. ఎంత స్నేహం కుదిరినా సొంత ఫోన్ నంబరు, ఇంటి చిరునామా మాత్రం చెప్పకండి.

అవతలివాడు రూల్ తప్పాడనిపిస్తే అక్కడికక్కడే వేషం విప్పి గొడవకు దిగవద్దు. సీను పూర్తి చేయండి, వీడియో క్లిప్ దాచుకోండి, ఆట అయ్యాక డిస్కార్డ్‌లో టికెట్ వేయండి, అంటే సర్వర్ నడిపేవాళ్లకు ఫిర్యాదు పెట్టండి. ఒక్కోసారి టికెట్ వేసేలోపే వాడే ఓఓసీలో వచ్చి "సారీ అన్నా, కీ తప్పు నొక్కా" అంటాడు.