మంచుబండితో పైకప్పు వంతెన దాటే ముందు జాగ్రత్తలు

అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో, పైకప్పున్న పాత చెక్కవంతెనలోంచి గుర్రపు మంచుబండిలో వెళ్లడం చూడముచ్చటగా ఉంటుంది. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• ముందు వంతెన లోపల నడిచి చూడండి. పైకప్పు చెక్కను తడవనివ్వదు, లోపల మంచూ పడనివ్వదు. ఉత్త పలకల మీద రన్నర్లు (చక్రాలకు బదులు బండి కింద ఉండే జారుడు పట్టీలు) పట్టేస్తాయి, గుర్రం మీద ఒక్కసారిగా భారం పడుతుంది. అందుకే పూర్వం పారలతో మంచు తెచ్చి లోపల పరిచేవారు. మీరూ పరవండి, కుదరకపోతే జనాన్ని దించేయండి.

• లాడాలకు మంచుమేకులు తప్పనిసరి. గిట్ట అడుగున మంచు ఉండకడితే గుర్రం తూలుతుంది, కాలు బెణుకుతుంది. గీకి తీసేయండి.

• కళ్లెం ఇనుపముక్కను అరచేతిలో వెచ్చబెట్టాకే నోట్లో పెట్టండి. చల్లటి ఇనుము నాలుకకు అతుక్కుంటుంది.

• ఈ బండికి మామూలుగా బ్రేకులుండవు. పల్లంలో బండిని ఆపేది గుర్రం వెనక తొడల మీదుండే తోలుపట్టీ. దాని కుట్లు, బకిళ్లు లాగి చూడండి.

• గంటలు కట్టండి. మంచు మీద బండి చప్పుడు వినబడదు.

• లోపల నడకే, పరుగు వద్దు. 1866 నాటి కోర్నిష్–విండ్సర్ వంతెన బోర్డు మీద పరుగు తీయిస్తే 2 డాలర్ల జరిమానా అని ఉంటుంది.

• ఆగితే రన్నర్లు నేలకు గడ్డకడతాయి. కదిలే ముందు బండిని పక్కలకు ఊపండి.