టర్బో మియాటాలో క్యాబిన్ వేడి, 4వ పాఠం: రేకు వేశారు సరే, కాలు ఎందుకు కాలుతోంది?

పోయిన పాఠంలో మాజ్డా మియాటాలో (టాప్ మడిచే రెండు సీట్ల చిన్న కారు) డౌన్‌పైప్‌కి, అంటే టర్బో నుంచి పొగని కిందికి తీసుకెళ్ళే పైపుకి, ర్యాప్ (వేడిని ఆపే నేత పట్టీ) చుట్టడం, టనెల్ మీద, అంటే సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే నేల మీద, రేకు పొర వేయడం చెప్పాను. చాలామంది ఆ వారాంతంలోనే పని ముగించి ఫొటోలు పంపారు. చేతిపని నిజంగా బాగుంది. కానీ డాలస్ నుంచైనా, ఫీనిక్స్ నుంచైనా, మెల్‌బోర్న్ నుంచైనా అందరిదీ ఒకటే మాట: "అన్నా, చెప్పినవన్నీ చేశాను, అయినా గంట నడిపేసరికి కాలు ఉడికిపోతోంది." అందుకని ఈసారి రాద్దామనుకున్న బానెట్ వెంట్ల (వేడి గాలి పోవడానికి బానెట్‌లో కోసే సందుల) సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ముందు ఈ కాలి సంగతి తేల్చుకోవాలి.

ఎప్పటిలాగే ఇదంతా ఎన్‌ఏ (మొదటి తరం), ఎన్‌బీ (రెండో తరం) మియాటాల గురించే, అంటే 1989 నుంచి 2005 దాకా వచ్చినవి, అందులోనూ టర్బో వేసుకున్నవి. సీట్లు, కన్సోల్, కార్పెట్ ఎలా విప్పాలో రాయను. 14 సాకెట్, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటే అయిపోయే పని అది.

పొగ గురించి అడిగినవాళ్ళకి ఒక్క ముక్క. కొత్త ర్యాప్ మొదటి కొన్నిసార్లు వేడెక్కినప్పుడు పొగ రావడం మామూలే, నేతలో ఉన్న జిగురు కాలిపోతుంది. టెన్షన్ పడొద్దు. అయితే వారం దాటాక కూడా వాసన వస్తుంటే అది ర్యాప్ వాసన కాదు, ఆయిల్. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ చూడండి, ఎన్‌ఏ అయితే సిలిండర్ హెడ్ వెనకాల క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ చూడండి. అక్కడ కారడం ఈ ఇంజిన్లకి పాత జబ్బు. ఆయిల్ పీల్చుకున్న ర్యాప్‌ని తుడిచి వాడుకోవద్దు, తీసి పారేయండి. అది ఒత్తి లాగా అంటుకుంటుంది.

ఇక రేకు.

వచ్చిన ఫొటోల్లో సగానికి పైగా వాటిలో మెరిసే రేకు ఉన్న పొరని టనెల్ లోహానికి అంటించి, దాని మీద కార్పెట్ బిగించారు. మెరుస్తోంది కాబట్టి వేడిని వెనక్కి కొట్టేస్తుందని నమ్మకం. కొట్టదు. ఎందుకో కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ ఒక్క అపోహ వల్ల మనవాళ్ళు ఖర్చు పెడుతున్న డబ్బు చూస్తే నాకు నిజంగా బాధేస్తోంది.

వేడి మన దగ్గరికి మూడు దారుల్లో వస్తుంది: తాకిడి వల్ల, గాలి వల్ల, సెగ (తాకకుండా దూరం నుంచే తగిలే వేడి) వల్ల. రేకు మెరుపు పనిచేసేది సెగ మీద మాత్రమే. సెగ రావాలంటే వేడి వస్తువుకీ రేకుకీ మధ్య ఖాళీ జాగా ఉండాలి. రేకుని తీసుకెళ్ళి వేడి లోహానికి అదిమి అంటించారంటే ఇక అక్కడ సెగ అన్న ప్రశ్నే లేదు, వేడి తాకిడితోనే ఇవతలికి వచ్చేస్తుంది. అల్యూమినియం వేడిని దాటించడంలో స్టెయిన్‌లెస్ స్టీల్ కన్నా పది రెట్లకు పైగా చురుకైనది. పొయ్యి మీద గిన్నెకి వంటింటి ఫాయిల్ చుట్టి చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో అదే అవుతుంది. పైన కార్పెట్ కూడా ఆనుకుని ఉంటుంది కాబట్టి రెండో వైపు మెరుపు కూడా దండగే. అలాంటి పొరలో ఎంతో కొంత పని చేస్తున్నది రేకు కింద ఉన్న ఫోమ్ లేదా నార, దాని మందం. అందుకే రేకుని చూసి కాదు, దాని కింద ఏముందో, ఎంత మందం ఉందో చూసి కొనండి.

ఒకాయన రెండు పొరలు బ్యూటైల్ షీట్ (మెత్తటి రబ్బరు పొర) వేశారు, పైన రేకు ఉంది కదా అని. బ్యూటైల్ చప్పుడుకి వేసేది, లోహం అదిరిపోకుండా పట్టుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల మందంలో అది వేడిని ఆపేది ఏమీ లేదు, బరువు మాత్రం పెరుగుతుంది. ఇంకొకరు చవకగా వస్తుందని ఇంటి పైకప్పులకి వాడే తారు టేప్ వేశారు. ఎండలో అది మెత్తబడి, కారు మొత్తం కొత్తగా వేసిన రోడ్డు వాసన. దాన్ని మొత్తం గీకేయాల్సిందే, వేరే దారి లేదు. ఇంకొకరు పాలిథిలీన్ ఫోమ్‌ని నేరుగా డౌన్‌పైప్ పైన ఉండే చోట అంటించారు. ఆ రకం ఫోమ్ 110 డిగ్రీల దరిదాపుల్లోనే కరిగిపోతుంది, టర్బో పక్కన టనెల్ లోహానికి అదేమంత ఎక్కువ వేడి కాదు. ఫీనిక్స్ తమ్ముడు ఒకడు రేకుని టనెల్‌కి కింది వైపు, పైపుకి ఎదురుగా అంటించాడు. అతనిది సరైన పద్ధతే, పైపుకీ రేకుకీ మధ్య జాగా ఉంది. మట్టి పట్టనంత కాలం, జిగురు ఊడనంత కాలం పనిచేస్తుంది.

జిగురుని నమ్ముకోకుండా చేయాలంటే ఇలా. అర మిల్లీమీటర్ నుంచి ఒక మిల్లీమీటర్ మందం అల్యూమినియం షీట్, గుండ్రటి నొక్కులున్నది అయితే మరీ మంచిది, వంచడం సులువు, గట్టిగా ఉంటుంది. దాన్ని టనెల్‌కి కింది వైపు స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించండి, లోహానికీ షీట్‌కీ మధ్య 12 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టి. ముందూ వెనకా మూసేయకండి, ఆ సందులోంచి గాలి పారాలి. ఇంజిన్ ఊగినప్పుడు డౌన్‌పైప్ షీట్‌కి తగలకూడదు. కంపెనీ కారుతో పాటు ఇచ్చిన హీట్ షీల్డులు చేసే పని ఇదే. వాటిని "గలగలమంటున్నాయి" అని తీసేసినవాళ్ళు నాకు బోలెడంతమంది తెలుసు. వాటిని వెతికి మళ్ళీ బిగించండి. బోల్టు చుట్టూ తుప్పుపట్టి రంధ్రం పెద్దదైపోతేనే గలగల వస్తుంది, వెడల్పాటి వాషర్ వేస్తే ఆగిపోతుంది.

ర్యాప్ మాత్రం వృథా పోలేదు. సెగ పైపు వేడిని బట్టి విపరీతంగా పెరుగుతుంది. పైపు ఉపరితలం 600 డిగ్రీల నుంచి 300కి దిగితే సెగ సగానికి కాదు, ఐదో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది.

"రేకు మీద థర్మామీటర్ గన్ పెడితే 38 డిగ్రీలే చూపిస్తోంది" అని ఫొటో పంపినవాళ్ళకి: ఆ అంకె తప్పు. ఆ గన్ వస్తువు నుంచి వచ్చే సెగని బట్టి లెక్క కడుతుంది, మెరిసే రేకు తన సెగని దాదాపు బయటికి వదలదు, ఎదురుగా ఉన్న వాటి సెగనే వెనక్కి చూపిస్తుంది. మీరు కొలిచింది కారు పైకప్పునో, మీ మొహాన్నో. రేకు మీద రెండు అంగుళాల నల్ల ఎలక్ట్రికల్ టేప్ ముక్క అంటించి, కాసేపు ఆగి, ఆ టేప్ మీద కొలవండి. అసలు అంకె బయటపడుతుంది.

ఇవన్నీ సరిచేసినా కాలు కాలుతోందంటే వేడి రేకు దాటి రావడం లేదు, రంధ్రాల్లోంచి వస్తోంది. నా లెక్కలో మోడిఫై చేసిన కారులో వేడికి పెద్ద దారి ఇదే, ఆ రంధ్రాలు చాలావరకు మనం చేసుకున్నవే. బూస్ట్ గేజ్ (టర్బో ఒత్తిడి చూపించే మీటరు) గొట్టం కోసం ఒకటి, వైడ్‌బ్యాండ్ (పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్) వైరు కోసం ఒకటి, బిగించే తొందరలో గ్రోమెట్ (రంధ్రం అంచుకి పెట్టే రబ్బరు కట్టు) లేకుండా వదిలేసింది ఇంకొకటి. చిటికెన వేలు పట్టేంత సందు చాలు, టర్బో పక్కన ఉడికిన గాలి నేరుగా పెడల్స్ మీదికి వస్తుంది.

మియాటాలో అన్నింటికన్నా ముందు చూడాల్సింది గేర్ రాడ్ దగ్గర. పైన కనిపించే తోలు బూట్ కాదు, దాని కింద రెండు రబ్బరు బూట్లు ఉంటాయి, ఒకటి టనెల్ నోటిని మూసేది, ఇంకొకటి గేర్‌బాక్స్ టరెట్ (గేర్ రాడ్ దిగే గూడు) మీద కూర్చునేది. పాత కార్లలో ఈ రెండూ చిరిగిపోయి ఉండటం సర్వసాధారణం. కన్సోల్ విప్పి వేలితో మడత మడతా సాగదీసి చూడండి, మడతల లోపలే చీలుతుంది, పైకి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది. నేనైతే కంపెనీ రబ్బరే వేస్తాను, వేరేవి గట్టిగా ఉండి అంచు దగ్గర సరిగా కూర్చోవు. ఎలాగూ విప్పారు కాబట్టి, ఐదు గేర్ల కారు అయితే, టరెట్‌లో ఉన్న పాత ఆయిల్ పీకేసి కొత్తది పోయండి, గేర్లు మెత్తగా పడతాయి.

మిగతా రంధ్రాలు కనిపెట్టడానికి అగరుబత్తి చాలు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పెట్రోల్ వాసన ఎక్కడా లేదని చూసుకుని, టాప్ వేసి, అద్దాలు ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్లోయర్‌ని బయటి గాలి మీద పెట్టి ఫుల్‌గా తిప్పండి. క్యాబిన్‌లో ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు ఉందో అక్కడి నుంచి గాలి బయటికి తన్నుతుంది. బానెట్ ఎత్తి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వెంబడి అగరుబత్తిని నెమ్మదిగా జరుపుతూ పోండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. స్టీరింగ్ షాఫ్ట్ దగ్గరి సీల్ మర్చిపోవద్దు.

గుర్తు పెట్టిన చోట్ల గ్రోమెట్ పట్టేదైతే గ్రోమెట్, లేదంటే మంటకి తట్టుకునే సీలెంట్. డబ్బాలోంచి పిచికారీ చేసే పాలీయురేథేన్ ఫోమ్ ఫైర్‌వాల్‌లో పెట్టకండి. అది మంటని ఆపదు, అంటుకుంటుంది. ఈ రంధ్రాల్లోంచి వచ్చేది వేడి మాత్రమే అనుకోవద్దు. టర్బో గ్యాస్కెట్ కాస్త లీకైతే అదే సందులోంచి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పే కారు అది. బ్యాటరీతో పనిచేసే చిన్న డిటెక్టర్ ఒకటి కన్సోల్‌లో పడేయండి.

"టాప్ దించితే చల్లగా ఉండాలి కదా, ఇంకా వేడిగా ఎందుకుంటోంది?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. టాప్ దించి వేగంగా పోతుంటే ముందు అద్దం వెనకాల క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు ప్రతి సందులోంచీ టనెల్ గాలిని కారు లోపలికి పీలుస్తుంది. టాప్ వేసి, బయటి గాలి మీద బ్లోయర్ ఒకటిలో పెట్టి చూడండి, కాలి దగ్గర తేడా తెలుస్తుంది. తేడా తెలిసిందంటే మీ సమస్య రేకుది కాదని రుజువైనట్టే.

వేడి గాలి బయటికి పోతుందని బానెట్ వెనక అంచుని వాషర్లతో ఎత్తినవాళ్ళు దయచేసి ఈరోజే దించేయండి. ఎందుకో వచ్చే పాఠంలో వివరంగా రాస్తాను. ప్రస్తుతానికి ఇది చాలు: వేగంలో ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, గాలి బయటికి రాకపోగా లోపలికి పోతుంది. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడేమో ఇంజిన్ వేడి నేరుగా వైపర్ల కింద ఉన్న మీ క్యాబిన్ గాలి దారిలోకి వెళ్తుంది.

ఇంకొకటి హీటర్. ఈ కార్లలో హీటర్ కోర్‌కి (క్యాబిన్ గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) వెళ్ళే వేడినీళ్ళని ఆపే వాల్వ్ లేదు, ఎండాకాలంలో కూడా డాష్‌బోర్డ్ లోపల వేడినీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. లోపల ఒక తలుపు గాలిని పక్కకి మళ్ళిస్తుంది, అంతే. ఆ తలుపు కేబుల్ కాలక్రమంలో క్లిప్‌లో జారుతుంది. లివర్‌ని పూర్తిగా చల్లటి వైపు లాగి, హీటర్ పెట్టె మీద తలుపు కూడా చివరిదాకా వెళ్ళిందో లేదో చూడండి. వెళ్ళకపోతే క్లిప్ తీసి, కేబుల్ సర్ది, మళ్ళీ పెట్టండి. పైసా ఖర్చు లేదు.

అది చాలక ఒకాయన హీటర్ గొట్టాలు రెండింటికీ బిరడాలు కొట్టేశారు. అది వెంటనే తీసేయాలి, ఆయనకి విడిగా కూడా చెప్పాను. ఈ ఇంజిన్ కుటుంబం అసలు మాజ్డా 323 లాంటి ముందు చక్రాల డ్రైవ్ కార్లది, నీళ్ళు ఇంజిన్‌కి ఒక చివర లోపలికి వచ్చి ఇంకో చివర బయటికి పోయేవి. మియాటాలో వెనక ఫైర్‌వాల్ అడ్డం కాబట్టి థర్మోస్టాట్‌ని (నీళ్ళు బయటికి పోయే చోట ఉండే వాల్వ్) ముందుకి, పంపు ఉన్న వైపుకే తెచ్చారు. దాంతో వెనకాల నాలుగో సిలిండర్ దగ్గర నీళ్ళ పారుదల తక్కువ, అక్కడి నుంచి బయటికి వచ్చే దారి ఈ హీటర్ గొట్టమే. టర్బో ఉన్న కారులో అదీ మూసేస్తే ఇంజిన్‌కి ముప్పు. ఆపాల్సింది కోర్‌లోకి వెళ్ళడాన్ని, నీళ్ళు తిరగడాన్ని కాదు. నాలుగు మూతుల బైపాస్ వాల్వ్ వేస్తే మూసినప్పుడు నీళ్ళు కోర్‌ని వదిలేసి గుండ్రంగా తిరిగి వెళ్తాయి. నాకు ప్లాస్టిక్ వాల్వ్‌ల మీద నమ్మకం లేదు, అందుకే వేసవి మొదట్లో రెండు గొట్టాలనీ ఫైర్‌వాల్ దగ్గర విప్పి, ఒక వంపు గొట్టంతో ఒకదానికొకటి కలిపేస్తాను, చలికాలం వచ్చాక మళ్ళీ మామూలుగా. కోర్ మూతులకి రబ్బరు టోపీలు పెట్టడం, తర్వాత కూలెంట్‌లో గాలి తీయడం మీకు తెలిసిందే.

అభ్యాసం. ఈసారి ఓపిక కావాలి. నల్ల టేప్ ముక్కలు ఐదు చోట్ల: టర్బో వైపు ఫుట్‌వెల్ (కాళ్ళు పెట్టే చోటు) గోడ, పెడల్స్ పక్కన టనెల్, గేర్ బూట్ కింద, సీటు పక్కన టనెల్ వెనక భాగం, హీటర్ పెట్టె. ఏమీ మార్చకముందు హైవే మీద అరగంట ఒకే వేగంలో నడిపి, ఆపిన రెండు నిమిషాల్లో ఐదూ కొలిచి రాయండి, బయటి ఉష్ణోగ్రత కూడా. తర్వాత ఒక్క మార్పు మాత్రమే చేయండి, ముందు రంధ్రాలు, మళ్ళీ అదే రోడ్డు, అదే వేగం, వీలైతే అదే వేళ. తర్వాత హీటర్, మళ్ళీ కొలత. షీల్డ్ ఆఖరున. రెండు పనులు ఒకేసారి చేసి "తగ్గింది అన్నా" అంటే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ప్రతి కొలతలోంచి బయటి ఉష్ణోగ్రత తీసేసి, మిగిలిన అంకెలు పంపండి, ఈసారి ఫొటోలు అక్కర్లేదు. వెంట్లు ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర్లేదో ఆ అంకెలు చూశాకే 5వ పాఠంలో చెప్తాను, అప్పటిదాకా ఎవరూ బానెట్ కోయకండి.