కడుతున్న ఫ్లాట్ ఫొటోలు కొన్నవాళ్లకు ఎలా పంపాలి?

ఆదివారం పొద్దున గ్రూపులో నలభై ఫొటోలు పడతాయి. అందులో పదిహేను ఒకే పిల్లర్‌వి. రెండింట్లో సూపర్‌వైజర్ బొటనవేలు. ఆఖర్న డ్రోన్ వీడియో, దాని వెనక సినిమా పాట. డాలస్‌లో కూర్చున్నాయన అన్నీ ఓపిగ్గా చూసి అడిగేది ఒకటే మాట. "ఇందులో మాది ఏదండీ?"

నేను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సైట్లలో ఇంజినీరుగా పనిచేస్తూ ఈ ఫొటోల పని నెత్తికెత్తుకున్నవాణ్ణి. ఒకప్పుడు కొన్నవాళ్లు నెలకోసారి బావమరిదిని వెంటేసుకుని సైటుకొచ్చేవారు, గోడ మీద గోరుతో గీకి చూసేవారు. ఇప్పుడు వాళ్ల సైటు వాట్సాప్‌లో ఉంది. బ్రోషర్లకు, హోర్డింగులకు లక్షలు పోసే బిల్డర్లు ఈ వారంవారీ ఫొటోలను మాత్రం ఖాళీగా ఉన్న కుర్రాడికి అప్పజెబుతారు. కొత్త కస్టమర్ని తెచ్చేదేమో ఆ ఫొటోలే. కొన్నాయన వాటిని తోడల్లుడికి పంపిస్తాడు, తోడల్లుడు ఫోన్ చేస్తాడు.

కావలసినవి

ఓ మోస్తరు కెమెరా ఉన్న ఫోన్, ఫొటో మీద తేదీ, చోటు ముద్రపడే జీపీఎస్ కెమెరా యాప్, ఐదు మీటర్ల టేపులు రెండు, టార్చి, చిన్నపిల్లల పలక, సుద్దముక్క. పలక అంటే నవ్వకండి, దాని దగ్గరికే వస్తున్నా.

డ్రోన్ మూడు నెలలకోసారి చాలు. అదీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు మ్యాపులో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫీల్డులున్న ఊరిది. అయినా డ్రోన్‌కు టెర్రస్ కనిపిస్తుంది, బాత్రూమ్ కనిపించదు. కొన్నాయన డబ్బు ఎక్కువ పోయేది బాత్రూమ్ దగ్గరే.

గ్రూపు పెట్టడం

బ్లాకుకో గ్రూపు పెట్టండి. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేయండి. లేకపోతే మీ ఫొటోలు గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడిపోతాయి. ప్రశ్నలకు వేరే నంబరు ఇవ్వండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు జోలికి పోవద్దు. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అది చేరదు, చేరలేదని వాళ్లకూ తెలియదు.

ప్రాజెక్టుకు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు రాకముందు మాత్రం "త్వరలో", "ప్రీ లాంచ్" అంటూ ఒక్క ముక్క కూడా పెట్టకండి. 2016 నాటి రెరా చట్టం రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకు అది లేకుండా ప్రకటనే వద్దంది. కొనమని పిలిచేది ఏ మాధ్యమంలో ఉన్నా ప్రకటన కిందికే వస్తుంది, వాట్సాప్ అయినా సరే. జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా వెళ్తుంది. నంబరు వచ్చాక ప్రకటనలో ఆ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి.

మామూలు ఫొటోలు

వారానికి ఎనిమిది చాలు. పది దాటితే ఎవరూ చూడరు. ప్రతి వారం అదే చోట నిలబడి, అదే ఎత్తులో, ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. నిలబడే చోట నేల మీద పెయింట్‌తో పాదం గుర్తు వేసుకోండి. పొద్దున ఎనిమిదిలోపు తీస్తే నీడలు బాగుంటాయి, మనుషులు అడ్డురారు. ఇంతే, ఇందులో విద్యేమీ లేదు.

గోడ మూసేముందు తీసే ఫొటో

గోడ లోపల పైపులు ఎక్కడున్నాయో రేపు డ్రిల్ పెట్టేవాడికి చూపేది ఈ ఫొటోనే. అందరూ చెడగొట్టేది ఇక్కడ. గోడకు గాడి కొట్టి, కరెంటు పైపులు, సీపీవీసీ నీళ్ల పైపులు బిగించి, ప్రెషర్ టెస్ట్ (పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి లీకులు చూడటం) అయిన తర్వాత, ప్లాస్టరింగ్‌కు ముందు మీకు దొరికేది ఒక్క రోజు. ఒక్కోసారి ఒక్క పూట. ప్లాస్టరింగ్ మేస్త్రీ మీ కోసం ఆగడు, అతనికి చదరపుటడుగు లెక్కన డబ్బు. అందుకే నేను మేస్త్రీతో ముందే మాట్లాడుకుంటా. దర్వాజా మీద నేను సుద్దతో "ఫొ" అని రాసిన ఫ్లాట్‌లోకే మాలు వెళ్లాలి. రాయని ఫ్లాట్‌లో తాపీ ముట్టుకోకూడదు. మొదటి రెండు వారాలు గొణుగుతారు, తర్వాత వాళ్లే "సార్, 405 రాయలేదు" అని ఫోన్ చేస్తారు.

మీరు బండకేసి బాదినా మానని అలవాటు ఒకటుంది. ఫ్లాట్ నంబరు లేకుండా ఫొటో తీయడం. యాప్ తేదీ వేసింది, జీపీఎస్ చోటు చూపింది, ఇంకేం కావాలంటారు. జీపీఎస్‌కు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ తేడా తెలియదు. పక్కపక్క ఫ్లాట్లు అసలే తెలియవు.

ఇది నా నెత్తి మీద పడ్డాకే తెలిసింది. అప్పట్లో పనిచేసిన సైట్‌లో 302, 304 ప్లాన్లు అద్దంలో చూసినట్టు ఒకటికొకటి తిరగబడి ఉండేవి. మాడ్యులర్ కిచెన్ కార్పెంటర్ 302 వంటగది గోడ ఫొటో అడిగాడు. నేను ఫోన్‌లో వెతికి పంపినది 304ది. కిటికీ రెండింట్లోనూ నట్టనడుమే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఫొటోలో పైపు కిటికీకి ఎడమ పక్కన కనిపిస్తోంది, అతను ధైర్యంగా కుడి పక్కన డ్రిల్ పెట్టాడు. పైపు అక్కడే ఉంది. వాల్వు కట్టేసరికి 202 వాళ్ల కొత్త ఫాల్స్ సీలింగ్ ఉబ్బిపోయింది. ఆ నెల నా జీతంలోంచి ఎంత పోయిందో ఇక్కడ రాయను.

అప్పట్నుంచి పలక. పలక మీద ఫ్లాట్ నంబరు, గది, గోడ నంబరు, తేదీ. గోడ నంబరు ఎలాగంటే, ఆ గది గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తూ ఎడమ చేతి గోడ 1, ఎదురుగోడ 2, కుడిది 3, మన వెనకది 4. ఈ లెక్క ప్రతి గదికీ ఒకటే. ఫొటో తీశాక ఎడిటింగ్‌లో నంబరు టైపు చేస్తానంటారు కొందరు. సాయంత్రం ఇంటికెళ్లి నలభై ఫొటోలకు నంబర్లు వేసేటప్పుడే 302 కాస్తా 304 అవుతుంది. పలక గోడకు ఆనించే ఉండాలి.

రెండో పొరపాటు టేపు. నిలువుకు ఒకటి, అడ్డానికి ఒకటి పెట్టాలని అందరికీ తెలుసు. ఎక్కణ్ణుంచి పెట్టాలో తెలియదు. నేల మీంచి పెడతారు. ఆ నేల రేపు ఉండదు, దాని మీద మాలు, టైలు కలిపి రెండంగుళాల దాకా లేస్తుంది. ట్యూబ్ లెవెల్‌తో, అంటే నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూసి, గోడల మీద కొట్టిన మీటర్ గీత ఉంటుంది కదా, టైల్స్ వేశాక నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తులో వచ్చేది, నిలువు టేపు సున్నా ఆ గీత మీద ఉండాలి. అడ్డం టేపు గోడ మూల నుంచి వద్దు. పక్క గోడకు ప్లాస్టరింగ్ పడగానే మూల అరంగుళం ముందుకొస్తుంది, టైలు పడితే ఇంకా. దర్వాజా ఉన్న గోడకైతే చెక్క అంచు నుంచి పెట్టండి, అది రేపూ అక్కడే ఉంటుంది. దర్వాజా లేని గోడకు మూల నుంచి పెట్టక తప్పదు. అప్పుడు పలక మీద "ప్లాస్టరింగ్ ముందు కొలత" అని రాయండి.

గోడకు నిటారుగా, మధ్యలో, ఫోన్ ఛాతీ ఎత్తులో. వైడ్ లెన్సు పెడితే అంచుల్లో గీతలు వంగిపోతాయి, టేపు అబద్ధం చెబుతుంది. గది ఇరుకైతే గోడను రెండు ముక్కలుగా తీయండి, రెండింట్లోనూ పలక ఉండాలి. 360 డిగ్రీల కెమెరా కొనమని మా ఆఫీసులో ఒకాయన రెండేళ్లుగా వెంటపడ్డాడు. కొన్నాం. ఆఫీసు రికార్డుకు మంచిదే, ఒక్క నొక్కుతో గదంతా వస్తుంది. అదే ఫొటో వాట్సాప్‌లో పంపితే సాగదీసిన చపాతీలా తెరుచుకుంటుంది, టేపు అంకె చదవలేం. నా పలకే మేలు.

తీసిన వెంటనే, గది దాటకముందే, జూమ్ చేసి పలక మీది అంకెలు, టేపు మీది అంకెలు చదవండి. చదవలేకపోతే అక్కడే మళ్లీ తీయండి. రేపు తీద్దామంటే రేపు గోడ మూసుకుపోతుంది.

పంపడం

ఈ గోడ ఫొటోలు డాక్యుమెంట్‌గానే పంపాలి. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, మీరు పెట్టిన ఫైలు పేరూ పోతుంది. "302 వంటగది గోడ 2" అని పేరు పెట్టి, ఏ ఫ్లాట్ వాళ్లకు ఆ ఫ్లాట్‌వే విడిగా పంపండి. ఒకరి పడకగది గోడలు ఊరందరికీ ఎందుకు?

ఆదివారం ఉదయం ఏడున్నరకు పంపాలి. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి, భోజనాలై తీరిగ్గా ఉంటారు. కింద రాత నాలుగు ముక్కల్లో ఉండాలి. పోయిన జనవరిలో నేను పంపింది ఇదీ:

"నమస్తే అండీ. సి బ్లాకు 3వ అంతస్తులో పైపుల పని పూర్తయింది, ప్రెషర్ టెస్ట్ అయింది. ప్లాస్టరింగ్ ఈ వారం జరగలేదు. మేస్త్రీ మనుషులు సంక్రాంతికి ఊళ్లకు వెళ్లారు, 20న మొదలవుతుంది. 5వ అంతస్తు స్లాబ్ కింద జాకీలు ఇంకో వారం ఉంటాయి, తీయకూడదు, అందుకే అక్కడ ఏమీ కదలనట్టు కనిపిస్తుంది."

జరగని పని గురించి రాయొద్దని మా మార్కెటింగ్ మేడమ్ చాలాసార్లు చెప్పారు. ఆవిడకు వారానికి వచ్చే కాల్స్ ఎన్నో అడగండి, నాకెన్నో అడగండి. డబ్బు కట్టమనే డిమాండ్ లెటర్ కూడా ఆ దశ ఫొటోతో పాటే వెళ్లాలి. స్లాబ్ ఫొటో లేకుండా స్లాబ్ డబ్బు అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

తాళాలిచ్చే రోజు

ఫ్లాట్ ఫొటోలన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో వేసి, చూడటానికి మాత్రమే వీలుండేలా పెట్టి, దాని క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి లామినేట్ చేయించండి. లామినేట్ లేకపోతే త్వరగా పాడవుతుంది. దాన్ని కరెంటు డీబీ బాక్సు (ఇంట్లో మెయిన్ స్విచ్, ఎంసీబీలు ఉండే పెట్టె) తలుపు లోపలి వైపు అంటించండి. గీజర్ బిగించేవాడైనా, టీవీ బిగించేవాడైనా మెయిన్ ఆపడానికి ముందు ఆ తలుపే తీస్తాడు.