గాలి ప్రవాహ సిమ్యులేషన్ – 4వ పాఠం: రెండు బాడీల్లో ఏది మెరుగు?

గత పాఠంలో ఒక బాడీ చుట్టూ గాలిని పారించి డ్రాగ్ (గాలి బండిని వెనక్కి లాగే బలం) అంకె రాబట్టాం. ఈసారి రెండిటిని పోలుద్దాం. బండి షెల్ ఎకో-మారథాన్ (తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడిపే పోటీ) ప్రోటోటైప్ తరహాది: మూడు చక్రాలు, పొడవు 2.7 మీ., వేగం గంటకు 25 కి.మీ., అంటే సెకనుకు 6.94 మీ.

చాలామంది సీడీ (ఆకారాన్ని బట్టి మారే డ్రాగ్ గుణకం) ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తారు. ‘క’ బాడీకి సీడీ 0.15, ముందు వైశాల్యం 0.36 చ.మీ.; ‘ఖ’ బాడీకి 0.17, 0.30 అనుకోండి. గుణిస్తే 0.054, 0.051 వస్తాయి. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.17 కిలోలైతే డ్రాగ్ 1.52, 1.44 న్యూటన్లు. సీడీ ఎక్కువున్న ‘ఖ’యే నయం! కాబట్టి మన సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్‌లో ఫోర్స్‌కోఎఫ్స్ (సీడీని లెక్కించే భాగం) కింద ఏరెఫ్‌కు (లెక్కలో వాడే వైశాల్యానికి) 1 ఇవ్వండి, ఈ లబ్ధమే నేరుగా వస్తుంది. బండిని నిలువునా కోసి సగమే లెక్కిస్తుంటే 0.5 ఇవ్వాలి. అది మరిచిపోతే డ్రాగ్ సగమే కనిపిస్తుంది.

మెష్ (గాలి పారే చోటును సెల్స్ అనే చిన్న గడులుగా విడగొట్టే వల) సెట్టింగులు రెండిటికీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. బేస్ సెల్ 160 మి.మీ., బాడీ మీద నాలుగో లెవెల్ (నాలుగుసార్లు సగం చేస్తే 10 మి.మీ.), అంచుల దగ్గర ఐదో లెవెల్. గోడ నానుకున్న మొదటి పొర మందం 3 మి.మీ. పెడితే వై-ప్లస్ (గోడ నుంచి మొదటి సెల్ దూరాన్ని చెప్పే, యూనిట్ లేని కొలత) 30 దరిదాపుల్లో ఉంటుంది. రిలేటివ్‌సైజెస్ (పొర మందాన్ని సెల్ సైజుకు ముడిపెట్టే సెట్టింగు) ఫాల్స్‌లో ఉంచండి, లేదంటే బేస్ సెల్ మార్చినప్పుడల్లా ఈ మందమూ మారిపోతుంది. మెష్ అయ్యాక లాగ్‌లో పొరలు ఎంత శాతం నిలిచాయో తప్పక చూడండి. చక్రాల కవర్ల మూలల్లో స్నాపీ (ఓపెన్‌ఫోమ్‌లో మెష్ తయారుచేసే టూల్) పొరల్ని వదిలేస్తుంటుంది. ఒక బాడీకి 95 శాతం, రెండోదానికి 60 శాతం నిలిస్తే ఘర్షణ డ్రాగ్‌ను పోల్చి లాభం లేదు.

నేలను గాలి వేగంతోనే కదిలించాలి. టైరు నేలను గీతలా తాకే చోట సెల్స్ నలిగిపోతాయి. చక్రాన్ని 5 మి.మీ. నేలలోకి దించితే సరి.

2000 ఇటరేషన్లు (లెక్క చుట్లు) నడిపి చివరి 500 సగటు తీసుకోండి. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) దిగాయని సంతోషపడకండి, డ్రాగ్ గీత చదునయ్యే దాకా ఆగాలి. తర్వాత బేస్ సెల్‌ను 120 మి.మీ.కు తగ్గించి రెండిటినీ మళ్లీ నడపండి. మన తేడా 6 శాతం లోపే. మెష్ మార్పుకే అంకెలు 4 శాతం కదిలాయంటే ఇంకా తీర్పు చెప్పొద్దు, 90కి దిగండి.

ఒక పరిమితి ఉంది. వాల్ ఫంక్షన్లతో (గోడ పక్క ప్రవాహాన్ని సూత్రంతో అంచనా వేసే పద్ధతితో) వాడే కె-ఒమేగా ఎస్‌ఎస్‌టీ అనే టర్బులెన్స్ మోడల్ ముక్కు దగ్గర్నుంచే ప్రవాహం అల్లకల్లోలమని అనుకుంటుంది. నున్నటి ముక్కు మీద గాలి సాఫీగా పారడం వల్ల కలిసొచ్చే లాభం ఇందులో కనిపించదు.

అభ్యాసం: ‘ఖ’ తోకను 100 మి.మీ. పొడిగించి డ్రాగ్‌లో పీడన వాటా, ఘర్షణ వాటా విడివిడిగా రాసుకోండి. మొదటిది ఎంత తగ్గింది, రెండోది ఎంత పెరిగిందో చూశాకే పొడుగు తోక ఉంచాలో వద్దో తేల్చండి.