ఇంక్‌స్కేప్‌లో స్కెచ్ మీద గీత పడకపోతే

పెన్సిల్‌తో గీసిన ‘శ్రీ’ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి, దాని మీద గీతలు దిద్దడానికి కంట్రోల్+ఐతో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చాను. అప్పుడు వచ్చే పెట్టెలో ‘ఎంబెడ్’ ఎంచుకోండి. ‘లింక్’ అంటే ఫైల్‌లో బొమ్మ ఉండదు, అది ఎక్కడుందో ఆ దారి మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ మార్చారా, స్కెచ్ మాయం.

ఆ బొమ్మ ఉన్న లేయర్‌కి (ఒకదానిపై ఒకటి పరిచే పొరల్లో ఒకటి) ‘స్కెచ్’ అని పేరు పెట్టి, ఒపాసిటీ (రంగు ఎంత గాఢంగా కనబడాలన్నది) 40 శాతానికి దించి, అది కదలకుండా తాళం గుర్తు నొక్కాను. ఇక వంపు గీతలు గీసే బెజియర్ పెన్‌తో ఎంత గీసినా గీత పడదే! తాళం వేసిన లేయరే ఇంకా ఎంపికలో ఉండటం దానికి కారణం. కింద స్టేటస్ బార్ ఆ సంగతి చెబుతూనే ఉంటుంది, మన చూపే అటు పోదు. కంట్రోల్+షిఫ్ట్+ఎన్‌తో పైన ‘గీతలు’ లేయర్ తెరవగానే పెన్ పనిచేసింది. స్కెచ్ లేయర్‌లోనే ముందు గీసేసినవి ఉంటే తాళం తీసి, వాటిని ఎంచుకుని షిఫ్ట్+పేజ్ అప్ నొక్కండి, పై లేయర్‌లోకి వెళ్తాయి.

‘శ’ వంపు దగ్గర గీత మూసుకోగానే లోపల నలుపు నిండి స్కెచ్‌ని కప్పేసింది. అది లేయర్ తప్పు కాదు, అంతకుముందు వాడిన ఫిల్ (గీత లోపల నిండే) రంగు. షిఫ్ట్ పట్టుకుని కింద ఉండే రంగుల పాలెట్‌లో ఒక రంగు నొక్కి ముందు స్ట్రోక్ (గీతకి రంగు) ఇవ్వండి, ఆ తర్వాతే పాలెట్‌లోని ఎక్స్ గుర్తు నొక్కి ఫిల్ తీసేయండి. స్ట్రోక్ లేకుండా ఫిల్ తీస్తే గీత అసలు కనబడదు.