మన షాపు సర్వర్ – 4వ భాగం: లాగిన్ అవుతుంది, ఫైళ్లు మాత్రం కనబడవు

బయటివాళ్లు ఫైళ్లు పంపడానికి మన షాపులో పెట్టుకున్నది ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పద్ధతి) సర్వర్. పోయిన భాగంలో రూటర్‌లో 21వ పోర్టు (కనెక్షన్ వచ్చే తలుపు నంబరు) ఒక్కటే ఫార్వర్డ్ చేసి, అంటే సర్వర్ కంప్యూటర్‌కు దారి మళ్లించి, వదిలేశాం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా ఫ్లెక్సీ షాపులో నేనూ మొదట అక్కడే ఆగిపోయాను. మిర్యాలగూడ నుంచి డిజైన్ పంపాల్సిన తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, తర్వాత తిరుగుతనే ఉంది" అన్నాడు. నేను రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చాను. దండగ పని. లాగిన్ అయిందంటే 21తో ఏ పేచీ లేనట్టే.

ఎఫ్‌టీపీలో మాటలది ఒక దారి, సరుకుది ఇంకో దారి. పాస్‌వర్డ్, ఆదేశాలు 21 మీద నడుస్తాయి. ఫైలు పోవాలన్నా, ఫైళ్ల జాబితా రావాలన్నా ప్రతిసారీ కొత్త కనెక్షన్ కావాలి. పాసివ్ మోడ్‌లో ఆ రెండో పోర్టు నంబరు సర్వరే చెబుతుంది, క్లయింట్ (ఫైలు పంపేవాడి కంప్యూటర్‌లోని ఎఫ్‌టీపీ ప్రోగ్రాం) వెళ్లి అక్కడ తడుతుంది. ఆ నంబరు సంగతి రూటర్‌కు మనం చెప్పనే లేదు.

క్లయింట్ లాగ్‌లో (జరిగిన మాటలన్నీ రాసి ఉండే చోట) 227తో మొదలయ్యే లైను వెతకండి, సర్వర్ రెండో పోర్టు చెప్పేది అందులోనే. మాకు దాని చివర ఇలా ఉంది: 192,168,1,10,195,100. మొదటి నాలుగూ అడ్రస్, చివరి రెండూ పోర్టు. 195ను 256తో గుణించి 100 కలిపితే 50020. 227 బదులు 229 కనిపిస్తే లెక్కే అక్కర్లేదు, పోర్టు నేరుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ అడ్రస్ చూడండి. 192.168 అనేది షాపు లోపలి అడ్రస్. మిర్యాలగూడలో ఉన్నవాడికి "వంటగది దాటినాక రెండో గది" అని చెప్పినట్టుంది! ఫైల్‌జిల్లా అనే క్లయింట్ ఈ తప్పును తనే సర్దుకుపోతుంది, అందుకే ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయక మనల్ని తికమక పెడుతుంది.

సర్వర్ పాసివ్ సెట్టింగుల్లో పోర్టులు 50000 నుంచి 50050 వరకు అని కట్టేయండి. చిన్న షాపుకు అవి చాలు. అవే పోర్టులను రూటర్‌లో సర్వర్ కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేయండి, విండోస్ ఫైర్‌వాల్‌లోనూ తెరవండి. ఈ మూడో చోటునే అందరూ మరిచిపోతారు. ఇక 192.168 బదులు సర్వర్ చెప్పాల్సిన అడ్రస్ కోసం అవే పాసివ్ సెట్టింగుల్లో బయటి అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన షాపు అడ్రస్) గడి ఉంటుంది, అందులో అంకెలు పెట్టకండి. కరెంటు పోయి రూటర్ మళ్లీ మొదలైతే ఆ అంకెలు మారిపోవచ్చు. డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (అంకెలు మారినా మన షాపునే చూపించే పేరు) తీసుకుని, సర్వర్ ఒప్పుకుంటే అదే పెట్టండి.

నిన్నటిదాకా నడిచి, టీఎల్ఎస్ (మాటలను ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఆన్ చేయగానే ఆగిందా? కొన్ని రూటర్లు ఎఫ్‌టీపీ మాటలు విని అడ్రస్‌ను తామే దిద్దుతాయి, పోర్టూ తెరుస్తాయి. మాటలు ఎన్‌క్రిప్ట్ అయ్యాక వాటికి ఏమీ వినబడదు. పైన చెప్పిన సెట్టింగులే దానికీ మందు.

షాపు వైఫై మీద పరీక్షించి బాగుందనుకోకండి. ఫోన్ మొబైల్ డేటాతో చూడండి.

5వ భాగం లోపు ఒక లెక్క: 227 లైను చివర 196,10 వచ్చింది. అది ఏ పోర్టు? మన సెట్టింగులతో ఆ కనెక్షన్ ఎందుకు తెరుచుకోదు?