నెట్‌వర్క్ అనుమతులు బిగించే ముందు

నలుగురు వాడే లినక్స్ కంప్యూటర్‌లో వైఫై, వీపీఎన్ ఎవరు మార్చవచ్చో కట్టుదిట్టం చేయబోతున్నారా? ముందు ఇంకో టెర్మినల్‌లో రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా లాగిన్ అయి, పని అయ్యేదాకా దాన్ని మూయకండి. దూరాన ఉన్న మెషీన్ అయితే ఇది తప్పనిసరి.

లినక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్, చాలా పనులకు పోల్కిట్‌ను (ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే ప్రోగ్రామ్) అడిగాకే సరేనంటుంది. ఇప్పుడు ఏమేం ఒప్పుకుంటోందో నెట్‌వర్క్‌మేనేజర్ వాడే ఎన్ఎంసీఎల్ఐ (nmcli) కమాండ్‌కు జనరల్ పర్మిషన్స్ అని జోడించి చూడండి. ఎస్, నో, ఆథ్ అని కనిపిస్తాయి. ఆథ్ అంటే పాస్‌వర్డ్ అడుగుతుందని. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ జాబితా కమాండ్ ఇచ్చిన యూజర్‌కు మాత్రమే చెందింది. రూట్‌గా చూస్తే అన్నీ ఎస్సే! పైగా మెషీన్ ముందు కూర్చున్న యూజర్‌కు ఇచ్చే చనువు, అదే యూజర్ ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి వస్తే పోల్కిట్ ఇవ్వకపోవచ్చు. రెండు చోట్లా పరీక్షించాలి.

ఒక కనెక్షన్‌ను ఒక్క యూజర్‌కే కట్టేసే వీలుంది, కనెక్షన్ డాట్ పర్మిషన్స్ అనే సెట్టింగ్‌తో. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది. కానీ ఆ యూజర్ లాగిన్ అయితే తప్ప ఆ కనెక్షన్ లేవదు. ఎదురుగా ఎవరూ లేని మెషీన్‌కు ఇది పెట్టి రీబూట్ చేశారా, ఇక బయటినుంచి దాన్ని అందుకోలేరు. ఒకసారి నేనే ఆ పొరపాటు చేసి, కీబోర్డు మానిటర్ మోసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

పోల్కిట్ రూల్ రాసేటప్పుడు యూజర్ పేర్ల కన్నా గ్రూప్ పేరు వాడటం నయం, మనుషులు మారినా ఫైలు ముట్టుకోనక్కర్లేదు. రూల్ ఫైళ్ళను పేర్ల వరుసలో చదివి, మొదట జవాబిచ్చిన రూల్‌నే పాటిస్తుంది కాబట్టి మీ ఫైలు పేరు ముందు చిన్న అంకె పెట్టండి. అవి జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి. ఒక్క బ్రాకెట్ తప్పినా ఆ ఫైలు లెక్కలోకి రాదు. సేవ్ చేయగానే లాగ్ చూడండి. పాత పద్ధతి రూల్ ఫైళ్ళైన పీకేఎల్ఏలను కొత్త పోల్కిట్ తనంతట తాను పట్టించుకోదు, అప్‌గ్రేడ్ చేసినవాళ్ళు అవి మిగిలాయేమో వెతకాలి.

నెట్‌వర్క్‌మేనేజర్ కనెక్షన్లు దాచే సిస్టమ్-కనెక్షన్స్ ఫోల్డర్‌లోని ఫైళ్ళలో వైఫై పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉండవచ్చు. అందుకే యజమాని రూట్, పర్మిషన్ 600 (యజమాని ఒక్కరే చదవగలరు, రాయగలరు) ఉండాలి. బ్యాకప్ తీస్తే ఆ కాపీకీ అంతే.

అన్నట్టు, సుడో (రూట్ అధికారంతో కమాండ్లు నడిపే వీలు) ఉన్నవారి ముందు ఈ తాళాలేవీ పనిచేయవు. సుడో ఎవరెవరికి ఉందో ఆ జాబితా ఈ రోజే ఒకసారి తిరగేయండి.